అందరి చెప్పుల్లాంటి చెప్పులు

మొన్న వాన వెలిసిన సాయంత్రం చెన్నైలో చూలై పేటలో బస్సు దిగుతుంటే నా చెప్పు వారు తెగింది. ఈ వయసులో ఒంటి చెప్పుతో కుంటుతూ ఇంటికి పోవడం నాకేం నామోషీ కాదు గానీ, చూసేవాళ్లు జాలిపడతారు. ఆ జాలి నాకు పడదు. బస్టాపు పక్కన గొడుగు కింద చెప్పులు కుట్టే మనిషి ఉంటే అతని ముందున్న పీట మీద కూర్చున్నాను. అతను డబ్బా మూత తీసి సొల్యూషన్ పూసేసరికి వాసన గుప్పుమంది. పెట్రోలూ రబ్బరూ కలిసి తల తిప్పే ఆ వాసన చాలామందికి గిట్టదు. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి. మునిరత్నం మేస్త్రి చొక్కాకూ, గోళ్లకూ, చివరికి ఆయన తెచ్చుకునే టిఫిన్ క్యారియరుకూ ఇదే వాసన ఉండేది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన గురించి రాయాలని ఎన్నోసార్లు కూర్చుని, రాయాల్సింది నా గురించి కూడా కాబట్టి లేచిపోయాను.

అప్పటికి ఈ ఊరు చెన్నై కాదు, మద్రాసు. డెబ్బైల మొదట్లో నేను ఈ చూలైలోనే, పెద్దరోగం వచ్చినవాళ్లకు మందులిచ్చే ఒక చిన్న సేవాసంస్థలో టైపిస్టుగా చేరాను. ఆ జబ్బుకు కుష్ఠు అనే పేరు ఉంది గానీ మా ఇళ్లలో ఆ మాట పైకి అనేవాళ్లు కారు. మా నాన్న జార్జి టౌన్‌లో పప్పుల మండీలో గుమాస్తా. చేరే రోజు ఆయన చేసిన హితబోధ ఒక్కటే: "ఆడ మంచినీళ్లు గూడా ముట్టొద్దు. టైపు కొట్టినావా, వచ్చేసినావా, అంతే." నేనూ ఆ ఉద్దేశంతోనే వెళ్లాను. సంస్థను నడిపే డాక్టరమ్మగారు నన్ను ముందు గదిలో మిషను దగ్గర కూర్చోబెట్టారు. వెనక రేకుల షెడ్డులో మునిరత్నం మేస్త్రి రోగులకు చెప్పులు కుట్టేవారు. యాభై దాటిన మనిషి, పొట్టిగా, నల్లగా, కళ్లజోడు జారకుండా వెనక దారం కట్టుకుని ఉండేవారు. ముత్తాతల నాడు నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. తెలుగూ అరవమూ ఒకే గుక్కలో కలిపి మాట్లాడేవారు.

నేను చేరిన మూడో రోజో నాలుగో రోజో, ఆయన ఒక కొత్త చెప్పుల జత తెచ్చి నా మిషను పక్కన పెట్టారు. "చెయ్యి పెట్టి చూడుమా" అన్నారు. చెప్పులో కాలు పెడతారు గానీ చెయ్యి పెట్టడమేమిటో నాకు అర్థం కాలేదు. పైగా తోలు ముట్టుకుంటే చేతులు కడుక్కోనిదే వంటింటి గడప తొక్కనివ్వని ఇల్లు మాది. నేను వెనకాడుతున్నది ఎందుకో ఆయనకు తెలుసు. కోపం తెచ్చుకోలేదు. "కొత్త తోలుమా, ఇంకా ఎవురూ ఏసుకోలే. నీ చెయ్యే ఫస్టు" అని నవ్వారు. సిగ్గేసి చెయ్యి పెట్టాను. "ఏమన్నా గుచ్చుకుందా?" అన్నారు. లేదన్నాను. "ఇంకా ముందుకి పోనీ. బొటనేలు ఉండేకాడ దాకా పోనీ." అప్పుడు చెప్పారు. "ఈళ్ల కాళ్లకి ఏదీ తెలీదుమా. మనకి ముల్లు గుచ్చితే అబ్బా అంటాం, కాలు ఎత్తేస్తాం. ఈళ్లు పొద్దుగూకే దాకా దాని మీదనే నడుస్తారు. రత్తం చూసినాకనే తెలిసేది. నా చేతులు కాయలు కాసిపోయినాయి, నాకూ సరిగా తెలీదు. నీది మెత్తన చెయ్యి. చిన్న ఆణి ఉన్నా చెప్పేస్తది." ఆణి అంటే మేకు. ఆయన చెప్పుల్లో అసలు మేకే ఉండదు, అంతా కుట్టూ అతుకూ. అయినా సూది ముక్క విరిగి ఉండొచ్చు, దారం ముడి గట్టిపడి ఉండొచ్చు. ఆనాటి నుంచి షెడ్డులో తయారైన ప్రతి జతా నా చేతి మీదుగానే బయటికి పోయేది. ఈ సంగతి మా ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. ఉత్తరాలు టైపు చేయడం జీతానికి చేసిన పని. చెప్పుల్లో చెయ్యి పెట్టి చూడడం మాత్రం నాకు గర్వంగా ఉండేది.

అంతకు ముందు రోగులకు ఇచ్చే చెప్పులు వేరే రకం. నల్లటి లావుపాటి రబ్బరు, వెడల్పాటి వార్లు. వీధి మొదట్లో కనిపిస్తే వీధి చివర వాళ్లు పక్కకు తప్పుకునేవాళ్లు. బస్సు ఎక్కబోతే కండక్టరు కాళ్లకేసి చూసి విజిలు ఊదేసేవాడు. దాంతో మా రోగులు వాటిని గుడ్డసంచిలో పెట్టుకుని వచ్చి, మా గేటు లోపల వేసుకుని, పోయేటప్పుడు మళ్లీ సంచిలో పెట్టుకునేవాళ్లు. కాళ్ల పుండ్లు మానేవి కావు. డాక్టరమ్మగారు వాళ్లను కసిరేవారు. మేస్త్రి మాత్రం తనను తాను తిట్టుకునేవారు. ఆదివారాలు మూర్ మార్కెట్ గేటు దగ్గర నిలబడి వచ్చే పోయే కాళ్లను చూసేవారట. చెప్పుల దొంగ అనుకుని ఒక పెద్దమనిషి తన జోళ్లు విప్పి చంకలో పెట్టుకుపోయాడని చెప్పి తనే పడీపడీ నవ్వేవారు. అలా చూసి చూసి, ఊళ్లో ఎక్కువ కాళ్లకు ఉన్న ముదురు గోధుమ రంగు చెప్పును పట్టుకుని, అచ్చం అలాంటిదే కుట్టారు. లోపల మెత్తటి రబ్బరు. అది పక్కనుంచి కనబడకుండా అంచు చుట్టూ సన్నని తోలు పట్టీ వేసి కుట్టేశారు. "చెప్పు కాలిని కాయాల, మనిషిని పట్టియ్యకూడదు" అనేవారు. ఇది తప్ప ఆయన నోట పెద్ద మాటలు నేను విన్నది లేదు.

ఆ చెప్పులు మొదట వేసుకున్నవాళ్లలో ఆదిలక్ష్మి ఒకతె. దగ్గర్లోని ఒక చిన్న బడిలో ఆయా. పిల్లల్ని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేది, గంట కొట్టేది. జబ్బు మందులతో అణిగిపోయింది, ఎవరికీ అంటేది కాదు, కానీ ఎడమ పాదంలో స్పర్శ పోయింది. ఈ సంగతి తెలిస్తే బడిలో ఒక్క పూట ఉండనివ్వరు. ఇద్దరు పిల్లలతో ఆ జీతం మీదే బతికేది. కొత్త చెప్పులు వేసుకున్న వారానికి ఆమె పరుగులాంటి నడకతో షెడ్డుకు వచ్చింది. "మేస్త్రీ, మా పంతులమ్మ ఏం అడిగింది తెలుసునా? ఏ షాపులో కొన్నావు ఆదిలక్ష్మీ, నాకూ ఒక జత కావాల అనింది!" మేస్త్రి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చూసినావామా, ఇదే మెడలు" అన్నారు నా వైపు తిరిగి. మెడలంటే పతకం. ఆ మాట అక్కడితో ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది!

మరుసటి ఏడు విదేశం నుంచి ఒక దరఖాస్తు ఫారం వచ్చింది. దేశదేశాల్లో బీదసాదల కోసం, రోగుల కోసం పాటుపడినవాళ్లకు ఏటా ఇచ్చే పురస్కారం. మీ సంస్థలో తగినవారుంటే రాసి పంపండి అని. డాక్టరమ్మగారు తన పేరు పెట్టుకునే మనిషి కాదు. "మునిరత్నం పేరు పెట్టు, నువ్వే రాయి" అన్నారు. నేను ఎగిరి గంతేశాను. మేస్త్రికి చెబితే ఆయన చేతిలో పని ఆపకుండా, "నాకెందుకుమా అదంతా? సరి, నీ ఇష్టం. నా ఫోటో కావాలంటే తీసుకో. చెప్పు ఫోటో మాత్రం వద్దు" అన్నారు. "ఎందుకండీ?" అన్నాను. "దాన్ని అందరికీ చూపించేదానికి కాదు గదా కుట్టింది" అన్నారు. నేను సరేనన్నాను.

సరేనని, మర్నాడే ఆయన భోజనానికి వెళ్లినప్పుడు ఒక చెప్పును చీరకొంగు చాటున దాచుకుని జార్జి టౌన్‌లో ఒక స్టూడియోకు వెళ్లాను. అంచు పట్టీ కొంచెం విప్పి, లోపలి రబ్బరు కనిపించేలా ఫోటో తీయించాను. ఫారంలో ఈ పని విశేషం ఏమిటో వివరంగా రాయమన్నారు. రాశాను. బయటినుంచి చూస్తే ఇవి బజారు చెప్పులే, రోగి చెప్పులని ఎవరూ పోల్చుకోలేరు, అంచు చుట్టూ కుట్టిన సన్నని పట్టీ ఒక్కటే గుర్తు అని ఇంగ్లీషులో చక్కగా టైపు చేశాను. ఆ ఒక్క వాక్యం కోసం మూడు కాగితాలు చించాను. మేస్త్రికి పేరు రావాలనే చేశానని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు దాచడమెందుకు? సగం నా ఇంగ్లీషు చూసి ఆ దొరలు మెచ్చుకోవాలనే చేశాను. ఆయన వద్దన్న మాటను చాదస్తం కింద తీసేశాను.

పురస్కారం వచ్చింది. మద్రాసులోనే ఒక హాలులో సభ. మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఏ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వేదిక మీద కూర్చున్నారు. వెనక తెర తొలగించేసరికి మంచమంత ఫోటో, నేను తీయించిన చెప్పుది. సభంతా చప్పట్లు. నేనూ కొట్టాను. అప్పుడు ఆయన మెడ తిప్పి దాన్ని చూశారు. తరువాత హాలులో నన్ను వెతికి చూశారు. నా చేతులు అక్కడే ఆగిపోయాయి. దొర చేతిలోంచి పాలరాతి దిమ్మ మీద నిలబెట్టిన కంచు పతకాన్ని అందుకుని, దండం పెట్టి దిగిపోయారు. తిరుగు బస్సులో ఆ దిమ్మ ఒళ్లో పెట్టుకుని కూర్చుని అడిగారు: "పక్క కుట్టు సంగతి ఎవురుమా చెప్పినారు?" "నేనే" అన్నాను. చూలైలో దిగేటప్పుడు, "సరి, రేపట్నించి కుట్టు మార్చాల" అన్నారు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

మర్నాడు పత్రికల్లో ఆ ఫోటో పడింది. కింద నా వాక్యమే, అరవంలోకీ తెలుగులోకీ మారి, ఆ పట్టీని ఎలా గుర్తుపట్టాలో విడమరిచి చెప్పింది. వినాయకుడిని చేయబోతే కోతి అయిందంటారు, నేను చేసింది అంతకన్నా అన్యాయం. ఒకాయన బస్సులోంచి దింపేశారని ఏడుస్తూ వచ్చాడు. ఇంకొకామెను ఇంటివాళ్లు ఖాళీ చేయమన్నారు. మేస్త్రి కొత్త రకం కుట్టడం మొదలుపెట్టి, పాతవి మార్చి ఇవ్వడానికి కాలికి బలపం కట్టుకుని ఊరంతా తిరిగారు. ఆ కొత్త జతలు నా మేజా మీదికి రాలేదు. ఆయనే చూసుకుని పంపేసేవారు. షెడ్డుకు వెళితే, "దా మా, కూర్చో" అనేవారు, టీ తెప్పించేవారు, అన్నీ మామూలే. చెప్పు మాత్రం చేతికి ఇచ్చేవారు కారు. పతకం అక్కడే ఉండేది. సొల్యూషన్ పూసిన అట్టలు అంటుకోవడానికి దాన్ని బోర్లించి బరువు పెట్టేవారు. "మంచి బరువుమా, బాగా పని చేస్తది" అన్నారు ఒకసారి. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు.

ఆదిలక్ష్మి ఎన్నాళ్లకూ రాలేదు. మేస్త్రి ఆమె ఇంటికి రెండుసార్లు వెళ్లినా లోపలే ఉండి లేదనిపించింది. తరువాత తెలిసింది. బడి గేటు దగ్గర ఒక పిల్లవాడి తండ్రి పత్రిక చూసి, ఆమె కాళ్లవైపు అదోలా చూశాడట. ఆ సాయంత్రమే ఆమె చెప్పులు విప్పి అటక మీద పారేసింది. చెప్పుల్లేని ఆయాను ఎవరు అనుమానిస్తారు? ఎండాకాలం మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద వట్టి కాళ్లతో పిల్లల్ని దాటించింది. పాదం కాలింది, బొబ్బలు లేచాయి, చితికాయి, ఆమెకు నొప్పి లేదు. కంపు వచ్చాక చూసుకుంది. అప్పటికి చీము ఎముకకు దిగింది. ఆసుపత్రిలో ఎడమ కాలు మోకాలి కిందికి తీసేశారు. బడివాళ్లు మళ్లీ పిలవలేదు.

ఆమె చంకకర్రతో షెడ్డుకు వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. మేస్త్రి ముందే కుట్టి ఉంచారు, ఒక్క చెప్పు, కుడికాలిది. దాన్ని ఆమెకు ఇవ్వకుండా నా వైపు చాపారు. "చెయ్యి పెట్టి చూడుమా" అన్నారు. ఏడాది తరువాత అదే మొదటిసారి. బొటనవేలు ఉండే చోటు దాకా పెట్టాను. ఏమీ లేదన్నాను. "బాగా చూడు. ఇంక ఆమెకి ఉండేది అదొకటే" అన్నారు. మళ్లీ చూశాను. ఆదిలక్ష్మి చెప్పు తొడుక్కుని, నా చెయ్యి పట్టుకుంది. "మీరు రాసిన కాయితంతోనే గదమ్మా మేస్త్రికి మెడలు వచ్చింది? డాక్టరమ్మ చెప్పినారు. ఆ పేపరోళ్లు ఎవురో పాపిష్టోళ్లు చేసినదానికి మీరేం చేస్తారు? మీ చెయ్యి మంచిది. బాగుండాలమ్మా మీరు." నేను మేస్త్రి వైపు చూశాను. ఆయన తల ఎత్తలేదు, దారానికి మైనం రాసుకుంటున్నారు. నిజం చెప్పడానికి నాకు అవకాశం వదిలారు. నేను చెప్పలేదు. ఆ తరువాత ఆమె ఎన్నిసార్లు వచ్చిందో, నేను ఎన్నిసార్లు నోరు తెరిచి మూసుకున్నానో. ఇప్పుడు చెబుదామంటే ఆమె లేదు, ఆ రోజు ఆ మాటలు విన్న మేస్త్రీ లేరు.

మళ్లీ నా చేతికి చెప్పులు రావడం మొదలైంది. మేస్త్రి ఉన్నన్నాళ్లూ చూశాను. ఆయన ప్రతి ఆరు నెలలకూ రకం మార్చేవారు, బజారులో ఏది నడిస్తే అది. ఎవరికీ ఫోటో ఇవ్వలేదు. ఇప్పటికీ పెళ్లిళ్లలో, గుమ్మాల ముందు, విడిచిన చెప్పులు కనిపిస్తే నేను వంగి చెయ్యి పెడతాను. మా వాళ్లు నాకు మతి తప్పిందనుకుంటారు.

గొడుగు కింద మనిషి నా చెప్పు అతికించి, దులిపి ఇచ్చాడు. అలవాటుగా చెయ్యి లోపలికి పోనిచ్చాను, బొటనవేలు ఉండే చోటు దాకా. అతను చూసి నవ్వాడు. "ఏం అవ్వా, ఆణి ఏం లేదులే, నేనే చూసినా. నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద కాదు నాయనా" అన్నాను. "ఈ చేతి మీదే నాకు నమ్మకం లేదు."