వద్దంటే వద్దనుకునే ఊరు

నందిగామలో పుట్టి జగ్గయ్యపేట కోడలినయ్యాను. రెండూళ్ళలోనూ భోజనానికి ఒకటే చట్టం: అతిథి "చాలు" అనాలి, మనం వెయ్యాలి. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచైనా వెయ్యాలి. మూడోసారి కూడా వద్దంటేనే నిజంగా వద్దని లెక్క. ఈ చట్టం బుడాపెస్ట్‌లో చెల్లదని నాకెవరూ చెప్పలేదు.

మొన్న వేసవిలో టూరు బస్సువాళ్ళు మమ్మల్ని ఆ ఊరంతా తిప్పారు. కోట, చర్చి, వంతెన, మళ్ళీ కోట. మా ఆయనకి ఏదీ ఆనలేదు. "ఇదేం విగ్రహం? మన పరిటాల ఆంజనేయస్వామి మోకాలి దాకా రాదు," అన్నారు. డాన్యూబ్ నదిని చూసి, "వానాకాలం మన మున్నేరు చూడాల," అని దాన్నీ కొట్టిపారేశారు. నా మనసు మాత్రం పొద్దున ఓ కొట్టు అద్దాల్లోంచి చూసిన కేకు మీదే ఉంది. పొరలు పొరలుగా చాక్లెట్, పైన బంగారు రంగు పాకం పలక. ఏటి ఒడ్డున కూర్చుని అది తినకుండా విమానం ఎక్కకూడదని ఒట్టు పెట్టుకున్నాను. మర్నాడే తిరుగు ప్రయాణం.

సాయంత్రం బస్సు బస్సంతా పప్పన్నానికి ఇండియన్ హోటలుకి పోయింది. నేను మా ఆయన్ని ఏటి ఒడ్డు హోటలుకి లాక్కెళ్ళాను. "పప్పు వదిలేసి ఈ గడ్డి తినాలా?" అని సణుగుతూనే సూపు, రొట్టె, నా వాటా బంగాళాదుంపలు కూడా ఊడ్చేశారు.

అప్పుడొచ్చాడు వెయిటరు, పళ్ళెంలో అదే కేకు పట్టుకుని. తీసుకుంటారా అని ఇంగ్లీషులో అడిగాడు. నోట్లో నీళ్ళూరుతున్నాయి. ఆ నోరే, "నో నో, చాలండి, ఫుల్!" అనేసింది. పొట్ట మీద చెయ్యి కూడా వేసి చూపించాను. అతను చక్కగా నవ్వి, కేకుతో సహా వంటింటి తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు.

ఓరి నీ ఇల్లు బంగారంగానూ! ఇంకొక్కసారి అడిగితే నీ సొమ్మేం పోయింది?

"ఏంటి, ఆ తలుపు వంకే చూస్తన్నావ్?" అన్నారు మా ఆయన.

"మళ్ళీ అడుగుతాడేమోనండి."

"నువ్వే వద్దన్నావుగా! వద్దంటే వద్దనేగా?"

ఒళ్ళు మండిపోయింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈయనా ఆ వెయిటరే. బెజవాడ వెళ్తున్నా, చీర తేనా అంటారు. ఇప్పుడెందుకులెండి అంటాను. సరేనని బండి స్టార్ట్ చేస్తారు. సినిమాకి వస్తావా అంటారు. మీరెళ్ళండి అంటాను. వెళ్ళిపోతారు. ఊరందరికీ కొసరి కొసరి వడ్డించాను, నన్ను రెండోసారి అడిగిన మనిషి లేడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కేకు కోసమే అనుకుని ఉంటారాయన.

చెయ్యెత్తి వెయిటర్ని పిలిచాను. "ఎస్. కేక్. వన్."

వచ్చింది. పాకం పలకని చెంచాతో టక్కున విరిచాను. మర్యాదకి, "మీరూ కొంచెం తింటారా?" అన్నాను.

"అబ్బే, వద్దులే. నువ్వు తిను," అన్నారు మా ఆయన, అప్పటికే తన చెంచా తుడుచుకుంటూ.

సరేనని మొత్తం నేనే తినేశాను.