పిడికెడు మట్టి

మా ఊరి అవ్వ ఫజీ దేద్ కాదిర్ గనాయిని క్షమించిందని మసీదు మెట్ల మీద చెప్పుకున్నారు. ముసలితనంలో మతి తప్పిందని ఆమె కోడళ్లు అన్నారు. తండ్రి సమాధికి చేతబడి చేసిందని కాదిర్ కొడుకు మంజూర్ అన్నాడు. ఏ ఒక్కటీ నిజం కాదు.

ఝీలం ఒడ్డున మా ఖబరస్తాన్‌లో ఐరిస్ పూల మొక్క లేని సమాధి ఉండదు. వసంతమంతా నీలంగా పూస్తుంది. పూత వాడాక చేయవలసిన పనిని ఊరు ఫజీ దేద్‌కే వదిలేసింది. ఎండిన కాడలు కోసేది, పచ్చి ఆకుల జోలికి పోయేది కాదు. దుంపల మీది మట్టిని గీసి తీసేది. దుంప వీపు ఎండ కాగితేనే మరుసటి ఏడు పూస్తుందని ఆమెకు తెలుసు.

ఊరి పెద్ద కాదిర్ సర్కారు అడవిలోని దేవదారు చెట్లను తానే కొట్టించి అమ్ముకున్నాడు. వాటిని ఫజీ దేద్ తమ్ముడు సుల్లా దొంగిలించాడని కోర్టులో ఖురాన్ మీద ప్రమాణం చేశాడు. సుల్లా జైలులోనే పోయాడు, దొంగ అన్న పేరు మాత్రం ఊళ్లో మిగిలింది.

కాదిర్ కూడా పోయాక, ఆమె అతని సమాధి దగ్గర ఆగిన ప్రతిసారీ పిడికెడు మట్టి వేసేది. సమాధికి మట్టి వేయడం పుణ్యమని చూసినవాళ్లు మెచ్చుకున్నారు. దుంపలు లోతున పూడిపోయాయి. మరుసటి వసంతం నుంచి ఆ ఒక్క సమాధి మీద ఆకులే మిగిలాయి. అతను చేసింది దొంగ ప్రమాణమేమో, అందుకే పువ్వు కూడా దక్కలేదని జనం గుసగుసలాడసాగారు.

మంజూర్ ఖబరస్తాన్‌లోనే ఆమెను నిలదీశాడు. అప్పుడు నేను అక్కడ ఉన్నాను.

"దేద్, మా అబ్బా సమాధికి ఏం చేశావ్?"

"మట్టేశాను. పుణ్యం కాదట్రా?"

"ఏటేటానా?"

"మీ అబ్బా అంటే అంత గౌరవం మరి!"

"ఎగతాళి చాలు. ఆ దుంపలు పీకేసి కొత్తవి నాటుతా."

"నాటుకో. నేనూ మళ్లీ పుణ్యం చేసుకుంటా. నాకింకేం పనుంది?"

మంజూర్ గొంతు తగ్గింది. "ఏం కావాలి నీకు?"

"జుమ్మా నమాజు అయ్యాక అందరి ముందూ చెప్పు, సుల్లా దొంగ కాదని."

"చచ్చినవాడి పరువు తీయమంటావా?"

"ఇద్దరూ చచ్చినవాళ్లే కదరా."

ఆ శుక్రవారమే అతను చెప్పాడు. తలెత్తకుండా చెప్పినా అందరికీ వినబడింది. సాయంత్రం ఆమె చిన్న పారతో వచ్చి కాదిర్ సమాధి మీది మట్టిని గీసేసింది. తలవైపు మూలను మాత్రం ముట్టలేదు.

"అక్కడ వదిలేశావేం దేద్?" అన్నాడు మంజూర్.

"అది జైల్లో పోయిన ప్రాణానికి. దానికి నీ దగ్గర బదులు లేదు."

ఇప్పటికీ ఆ మూల పూయదు. ఫజీ దేద్ క్షమించలేదు, చేతబడీ చేయలేదు. మట్టితో పగ తీర్చుకుంది, తమ్ముడి పేరు కడిగింది.