బీడులో రెండు వరసల మంటలు

నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. ఇది నా చెవులతో నేను విన్నది.

సరిగ్గా మా తల మీదికి వచ్చాక ఇంజిను ఆగిపోయింది. పైన దీపం లేదు... చుక్కలు తప్ప ఏమీ లేవు. మస్తానన్న నా చెయ్యి పట్టుకున్నాడు. మా ముందు బీడులో మంటలు రెండు వరసలుగా మండుతున్నాయి.

ఎందుకు వేశామో చెప్పాలి. కుందుర్పి దగ్గర మస్తానన్నకు వేరుశనగ చేను ఉంది. కాయ ఊరితే అడవి పందులు వచ్చి పడతాయి. అందరూ గట్టు వెంబడి మంటలు వేస్తారు. ఆయన వేయడు. డబ్బా కొడుతూ కూర్చుంటాడు. ఏటా సగం పంట పందుల పాలే. నేను కాపలాకు తోడు వెళ్లిన రాత్రి కారణం చెప్పాడు.

ఆయన చిన్నతనంలో, యుద్ధం అయిపోయిన మరుసటేడు, సైన్యం శిక్షణ విమానం ఒకటి చీకట్లో దారి తప్పి ఈ చేలో కూలింది. నడిపిన కుర్రవాడు బతకలేదు.

"ఆ పొద్దు మా నాయన గట్టు పొడుగునా మంటలేసినాడప్పా. కంప మోసింది నేనే. పైనుంచి ఆ పిల్లోడికి విమానాలు దిగే తావు మాదిరి కనపడిందేమో! నేనేనా మస్తానూ వాణ్ణి పిలిచింది, అని సచ్చేదాకా అడిగినాడు మా నాయన."

"ఇంజిను చెడిపోయింటుంది లేన్నా."

"నువ్వు చూసినావా? మీ పేపరోళ్లకు అన్నీ తెలుసులే!" అని నవ్వాడు.

అప్పుడు వినిపించింది. ఎక్కడో బోరు మోటారు అనుకున్నాను... కరెంటు లేదు. శబ్దం దగ్గరకొచ్చింది... దూరమైంది... మళ్లీ వచ్చింది. వెతుకుతున్నట్టు.

మస్తానన్న లేచి కంప లాగడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తాండావన్నా?"

"చేలో రాళ్లుండాయి. బీడులో లేవు. ఈసారి ఈడ దిగనీ."

ఇద్దరం కలిసి మంటలు వేశాం. ఇంజిను ఆగింది అప్పుడే.

"మెల్లగా రా నాయనా... నేల మెత్తగుండాది..." అంటున్నాడు మస్తానన్న, మనవడికి నడక నేర్పుతున్నట్టు.

సన్నటి ఈల ఒకటి మా పక్కనుంచి పోయింది. గాలి లేదు. అయినా మంటలన్నీ ఒకేసారి ఒక పక్కకు వంగాయి... లేచాయి. మట్టి మీద ఏదో బరువుగా దొర్లింది... నెమ్మదించింది... ఆగింది. తర్వాత, కాలిన ఇనుము చల్లారేటప్పుడు వచ్చే చప్పుడు. టిక్... టిక్...

మస్తానన్న నీళ్లసీసా తీసుకుని వరసల చివరిదాకా నడిచాడు. చీకట్లో చెయ్యి చాచి చాలాసేపు నిలబడ్డాడు. ఏదో అడుగుతున్నాడు. నాకు మాటలు అందలేదు. దగ్గరికి వెళ్లే ధైర్యమూ రాలేదు.

తిరిగొచ్చాక అడిగాను. "ఏమన్నా చెప్పినాడా?"

తల అడ్డంగా ఊపాడు.

తెల్లారి బీడంతా తిరిగాను. చక్రాల గుర్తు ఒక్కటీ లేదు. పాత ప్రమాదం మీద విచారణ జరిగిందని ఊళ్లో పెద్దవాళ్లు అంటారు. ఆ విమానం ఎందుకు కూలిందో మాత్రం ఈ రోజు వరకూ మస్తానన్నకు ఎవరూ చెప్పలేదు.