గట్టు మీద నుంచి మోగిన విజిల్

మిత్రులారా, ఈ రోజు నా పరువు నేనే తీసుకున్నాను.

నేపర్‌విల్ దగ్గర కాలేజీ సాకర్ మ్యాచ్. రిఫరీ మా స్నేహితుడి కూతురు లత. ఆమెకు ఆ పని నేర్పింది నేనే, ఈ రోజు ఎలా చేసిందో చూసి మార్కులు వేయాల్సిందీ నేనే. ఇందులో నెగ్గితే ఆమెకి పెద్ద మ్యాచ్‌లు ఇస్తారు.

విజిల్ నోట్లో పెట్టుకుని పరిగెత్తితే ఆలోచించేలోపే ఊదేస్తారని, కొత్త వీసీఆర్‌లో క్యాసెట్ ఆపి ఆపి మరీ క్లాసులో చెప్పాను. అంత చెప్పిన పెద్దమనిషిని, ఇవాళ మైదానం పక్కన గట్టు మీద కూర్చుని విజిల్ నోట్లోనే పెట్టుకున్నాను. గోల్ ముందు ఒకడు ఇంకొకడికి కాలు అడ్డం పెట్టి పడేశాడు. అంతే, ఊదేశాను! అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. తీరా చూస్తే బంతి పడ్డవాడి జట్టు వాళ్ళకే దొరికింది, గోల్ అయ్యేదే. లత ఊదకుండా ఆగింది అందుకే; పడ్డవాడి జట్టుకే లాభమైతే ఆట ఆపకూడదు.

ఆమె తిన్నగా నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

“అంకుల్, ఆ విజిల్ ఇచ్చేయండి.”

“అలవాటులో పొరపాటమ్మా...”

“నోట్లో పెట్టుకోవద్దని మీరే కదా చెప్పారు!”

విజిల్ తీసి ఆమె చేతిలో పెట్టాను.

మార్కుల కాగితంలో, బయటివాళ్ళు ఆటకి అడ్డొస్తే ఎలా సర్దుకొచ్చిందన్న చోట పూర్తి మార్కులు వేశాను. ఆ బయటివాడెవరో మాత్రం రాయలేదు. విజిల్ ఇంకా లత దగ్గరే ఉంది. అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. మీలో ఎవరైనా వాళ్ళింటివైపు వెళ్తుంటే కాస్త తెచ్చిపెడతారా?