ఎందుకంటే అని ఆగినప్పుడు

మొన్న బుధవారం పొద్దున్నే జగ్గయ్యపేటలో మా పిన్ని కన్నుమూసింది. నందిగామలో ఆమె దగ్గర అయిదో తరగతి చదివినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఇదే మీకు కబురనుకోండి. అందరికీ విడివిడిగా చెప్పడం మా వల్ల కాలేదు.

తొంభైల్లో నేను వాళ్ళింట్లో ఉండి, ఆమె పనిచేసే ప్రైవేటు స్కూల్లోనే చదువుకున్నాను. ఇంట్లో పిన్ని, గేటు దాటితే టీచర్. వారానికోసారి పుస్తకాలన్నీ మూయించి బోర్డు మీద ఒక ప్రశ్న రాసేది. దాని కింద ‘నాకేమనిపిస్తోందంటే’, ఆ కింద ‘ఎందుకంటే’, పక్కన ఖాళీ. మొదటివారం ప్రశ్న, ఇడ్లీ బావుంటుందా దోశ బావుంటుందా అని. నేను దోశ అన్నాను, ఎందుకంటే నాకిష్టం.

“ఇష్టమని ముందే చెప్పావుగా. ఎందుకిష్టమో చెప్పు,” అని చాక్‌పీసు పట్టుకుని నిలబడింది. ఇంటిబెల్లు మోగింది, పిల్లలు సంచులు సర్దుకున్నారు. ఆమె కదల్లేదు, కోప్పడలేదు, మాట అందించనూ లేదు. చివరికి నేను, ఇడ్లీలైతే అమ్మ ఒక్కసారే పెట్టేసి వెళ్ళిపోతుందని, దోశలైతే ఒక్కోటీ కాలేదాకా పొయ్యి దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చని గొణిగాను. అమ్మకి దూరంగా ఉన్న పిల్లని మరి. ఆ మాటే బోర్డు మీద రాసింది. రాయడం అయ్యాక కూడా కాసేపు అటే తిరిగి ఉంది.

ఇంకోసారి సున్నపురాయి లారీలు బజారులోంచి పోవచ్చా అని అడిగింది. అందరం వద్దని రాశాం, వాళ్ళ నాన్న లారీ డ్రైవరైన అమ్మాయి తప్ప. అప్పుడు పిన్ని, “వాళ్ళ నాన్నగారు ఏమంటారో కూడా రాయండి. అది రాశాక మీ మాట నిలబడుతుందేమో చూసుకోండి,” అంది. చాలామంది మాట మార్చుకున్నారు. నేను మార్చుకోలేదు. నాకూ మంచి మార్కులే వేసింది.

ఇంత నేర్పిన మనిషి ఇంట్లో నోరు విప్పేది కాదు. తమ కొట్టుని నందిగామ నుంచి జగ్గయ్యపేటకి మార్చాలని, కాబట్టి ఆమె ఉద్యోగం మానేయాలని బాబాయి, ఆయన అన్నదమ్ములు భోజనాల దగ్గర తేల్చేసిన రోజున ఆమె వాళ్ళకి చారు వడ్డిస్తోంది. నీకేమనిపించింది పిన్నీ అని తర్వాత నేనే అడిగాను.

“మనింట్లో ఆ పాఠం లేదే,” అని నవ్వి గిన్నెలు తీసుకుంది. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

అలాగని బాబాయి ఒక్కరినే తప్పు పట్టలేను. మొన్న మంగళవారం, జబ్బుపడ్డ పిన్ని మంచం పక్కన కూర్చుని, పెళ్ళయ్యాక మొదటిసారేమో, ఆయనే అడిగారు. “విజయవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమంటున్నారు. నీకేమనిపిస్తోంది?”

“నన్ను నందిగామ తీసుకెళ్ళండి. ఎందుకంటే...” అని ఊపిరి కోసం ఆగింది.

ఆ సందులో మేమందరం దూరిపోయాం. ఆ ఊరి గాలి పడుతుందని, చూడ్డానికొచ్చిన మా అమ్మ. తెలిసిన డాక్టరు ఉన్నాడని బాబాయి. బడి చూడాలనుంటుందని నేను. ఆమె మా ముగ్గురినీ చూసి, సరేలే అన్నట్టు తలాడించి కళ్ళు మూసుకుంది. మర్నాటికి కారు మాట్లాడాం. తెల్లారేసరికి ఆమె లేదు.

మేం చెప్పినవాటిలో ఆమె మాట ఉందో లేదో ఇక తెలీదు. అంతమంది పిల్లల కోసం ఆగిన మనిషి కోసం మేం ఒక్క ఊపిరి ఆగలేకపోయాం. ఆమె గురించి రాద్దామని కూర్చుంటే నాకు ఒకటే కనబడుతోంది. బెల్లు మోగి, గది ఖాళీ అయి, బయట సైకిళ్ళు కదిలిపోతుంటే, చాక్‌పీసు పట్టుకుని, తొందరేం లేదన్నట్టు నా వైపే చూస్తూ నిలబడిన పిన్ని.