నాలుగు పిస్టన్లు, మా నాయన త్రాసు

ఆ రోజుల్లో నాకు తెలియనిది లోకంలో ఏదీ లేదు. వేలూరులో ఆటోమొబైల్ డిప్లొమా ముగించుకుని గుడియాత్తంలో బస్సు దిగిన నాకు, ఊళ్ళోని ప్రతి ఇంజనూ నా వైద్యం కోసమే దగ్గుతున్నట్టు అనిపించేది. (ఇప్పుడు నాకు బాగా తెలిసింది ఒక్కటే, ఎక్కడ నోరు మూసుకోవాలో. అది నేర్చుకున్న సంగతే ఇది.)

మా నాయనకు బజారులో పప్పుల అంగడి. ఆ ఏడు వర్తక సంఘం అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. తమిళంలో అచ్చువేయించి పంచిన నోటీసులో ఉన్నది ఒకే మాట: నా తూకంలో తప్పు చూపించండి, అంగడి మూసేస్తాను. ఎదుటి అభ్యర్థికి అంత తెగింపు లేక మంచినీళ్ళ కుళాయి వేయిస్తానన్న మాటతో సరిపెట్టుకున్నాడు. సంఘం పెద్దాయనను వేలూరు సమావేశానికి మా సొంత కారులో తీసుకుపోతే గెలుపు ఖాయమని నాయన నమ్మకం. కారేమో నాకంటే వయసులో పెద్దది, పొగతాగే అలవాటు కూడా ఉంది. అందుకని ఇంజన్‌ను షెడ్డులో విప్పించాడు.

షెడ్డు మేస్త్రీ నాలుగు పిస్టన్లనూ వాటికి తగిలించిన కన్‌రాడ్లతో సహా బయటికి తీసి, ఒక్కో జత మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు చుక్కలు కొట్టాడు. “దేని రాడ్డు దానికే, దేని పిస్టన్ దానికే అప్పా. ఇన్నేండ్లు కలిసి అరిగినాయి, జత మారిస్తే ఊరుకోవు.”

“అది సరే మేస్త్రీ, నాలుగు జతలూ ఒకే బరువుండాలని పుస్తకంలో ఉండాది. తూచినావా?”

“కంపెనీలోనే తూచి పెట్టినారు నాయనా. రింగులు మార్చి మూసేస్తే చాలు.”

చాలు అనే మాట కొత్త డిప్లొమావాడికి వినబడదు. అంగడికి పరుగెత్తి మా ఇత్తడి త్రాసు మోసుకొచ్చాను. (వర్తకుల బిడ్డను, తూకానికి ఇంకెక్కడికి పోతాను?) రాళ్ళు పెట్టే పళ్ళెంలో ఒకటో జతను పెట్టాను. సరుకు పెట్టే పళ్ళెంలో మిగతా మూడింటినీ ఒక్కొక్కటిగా పెట్టి చూశాను. మూడూ బరువెక్కువే! నా ఆనందానికి అంతులేదు. మూడు రాడ్లనూ ఆకురాయి పట్టి, ముల్లు నిటారుగా నిలిచేదాకా అరగదీశాను. “వేణామప్పా, వదిలేయ్. మూడూ ఒకే అంత ఎక్కువ చూపిస్తాండాయి, అదెట్ల?” అని మేస్త్రీ గొణిగాడు. ఆ ప్రశ్న నాకు రావలసింది. రాలేదు.

సమావేశం రోజు కారు తోలేది నేనే; పెద్దాయన ముందు సీట్లో, నాయన వెనక సీట్లో కూర్చున్నారు. ఊరు దాటి కాస్త వేగం అందుకోగానే కారుకు పూనకం వచ్చింది. అద్దాలు గడగడలాడాయి. పెద్దాయన కళ్ళజోడు ముక్కు మీదనుంచి ఒళ్ళోకి దిగింది. “ఏమయ్యా, ఇది కారా, పిండిమిషనా?” అన్నాడాయన. దారిలోని పళ్ళికొండ చేరకముందే లారీకి తాడు కట్టించుకుని షెడ్డుకు తిరిగొచ్చాం.

మేస్త్రీ మళ్ళీ ఇంజన్ విప్పి జతలను అదే త్రాసులో పెట్టాడు. అన్నీ సమానమే. “చూడండి!” అన్నాను. ఆయన రెండు వైపులవీ తారుమారు చేశాడు. ఒకటో జత వైపు పళ్ళెం దభీమని దిగింది. మేస్త్రీ సరుకు పళ్ళెం అడుగున వేలు పెట్టి తడిమాడు. ఎండి రాయయిన చింతపండు ముద్ద ఆయన వేలికి తగిలింది, నా కంట పడింది. నాయన ముఖం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది.

“తప్పు యాడుండాది మేస్త్రీ?” అని పెద్దాయన బెంచీ మీదనుంచే అడిగాడు.

మేస్త్రీ నా వైపు చూశాడు. నాకు నాయన నోటీసు గుర్తొచ్చింది, మూసిన అంగడి తలుపులు కనబడ్డాయి.

“నాదే సార్. తూచేది చేతకాక ఎక్కువ అరగదీసినాను.”

ఆ మాట నేల మీద పడనిచ్చాడా మా నాయన! “నాలుగు తరాలుగా తరాసు పట్టిన ఇంట్లో పుట్టి, తూచేది రాదంట వీనికి! సదువంతా దండగ!” అని చిందులు తొక్కాడు. పెద్దాయన కడుపుబ్బ నవ్వి, “పోనీలే, కొడుక్కు రాకపోతే ఏం, నీకు వచ్చు కదా” అన్నాడు. నాయన గెలిచాడు.

ఇంటికొచ్చాక నాతో చిన్నగా, “ఇత్తడి పళ్ళెం కదరా, తోమినప్పుడు అంటుకొనుంటాది” అన్నాడు. మర్నాటినుంచి మా అంగడిలో శేరు పప్పుకు గుప్పెడు ఎక్కువ రాసాగిందని అమ్మలక్కలు చెప్పుకున్నారు. అధ్యక్షుడయ్యాక గుణం మారిందని మెచ్చుకున్నారు కూడా.

ఇప్పుడు వేలూరులో నాకొక షెడ్డుంది. పాత ఇంజన్లు వస్తాయి. కరెంటు కాటా మీద జతలు తూచేముందు దాన్ని తిరగేసి అడుగు చూడందే నాకు చెయ్యి ఆడదు. మొన్న గుడియాత్తం నుంచి వచ్చిన ఒకాయన అది చూసి, “అంతే నాయనా, తూకమంటే మీ ఇంటిదే. మీ నాయన నేర్పినాడు కదా!” అన్నాడు.

“అవునన్నా, ఆయన నేర్పిందే” అన్నాను. ఆ రోజు షెడ్డులో తల వంచుకుని నిలబడిన డిప్లొమా పిల్లవాడు నా లోపల కిసుక్కుమన్నాడు.