తలుపు పక్క మరక

చదువుకు నేను రెండో ఏడాదిలోనే నీళ్లొదిలాను. కాలేజీ నన్ను తట్టుకోలేకపోయిందని నేను చెప్పుకుంటాను. మా బావ మాత్రం, "పరీక్ష పేపరు వీణ్ణి చూసి నవ్వింది, వీడు అలిగి వచ్చేశాడు" అనేవాడు. ఏదైతేనేం, కట్టని ఇళ్లకు ఫొటోలు తీసే విద్యలో నన్ను మించినవాడు ఈ ఊళ్లో ఒక్కడే, అతను మా బావ. మూడోవాడు ఇంకా పుట్టలేదు.

ఆర్కిటెక్టు గీతలు గీసిస్తాడు. మేము వాటిని కంప్యూటర్లో గోడలుగా లేపి, కిటికీలు పెట్టి, ఎండ వదులుతాం. ఆ ఎండ ఎక్కడ పడి, ఎటు చెదిరి, ఏ మూలను ఎంత వెలిగిస్తుందో లెక్కగట్టి బొమ్మ తీసేదే రెండరింగ్ ఇంజిన్. బావ నమ్ముకున్న ఇంజిన్ ఒక్కో కిరణం వెంట కాలినడకన పోయేది. మొదట తెర నిండా ఇసుక చల్లినట్టుండేది. గంటలు గడిచేకొద్దీ ఆ ఇసుకలోంచి గది తేలేది. ఒకసారి అలా కూర్చుని ఉండగా నా చెక్క కుర్చీకి చిగుళ్లు వేశాయి. నమ్మకపోతే బావనడగండి, అతనే నీళ్లు పోశాడు.

ఈలోగా కొత్త ఇంజినొకటి వచ్చింది. మౌస్ కదిపితే చాలు, గది తయారు. కొంత లెక్క, కొంత ఉజ్జాయింపు.

"రెండూ పోల్చి చూపించండి," అన్నారు ఆర్కిటెక్టు గారు. "నా కంటికి తేడా కనిపిస్తే పాతది ఉంటుంది. లేదంటే శుక్రవారంతో తీసేద్దాం."

బావ నవ్వాడు. ఆ తేడా ఎక్కడుందో అతనికి తెలుసు.

పోలికకు అతని దగ్గర ఎప్పుడూ ఒకటే గది. అక్కా, తనూ తొమ్మిదేళ్లు అద్దెకున్న గది. టేపు ఒక కొన అక్క పట్టుకుంటే, రెండో కొన తను పట్టుకుని కొలిచిన గది. అక్క పోయి నాలుగేళ్లయింది. ఆ ఇల్లు పడగొట్టి మూడేళ్లయింది. ఇప్పుడది కంప్యూటర్లో తప్ప ఎక్కడా లేదు.

"గది ఒకటే, ఎండ ఒకటే, కెమెరా ఒకటే ఉండాలిరా బామ్మర్దీ. మారాల్సింది ఇంజినొక్కటే. ఇంకోటేదైనా కదిలిందా, అది పోలిక కాదు, పోట్లాట."

ఆ గదిలో తలుపు పక్కన, భుజమంత ఎత్తులో, ఒక మరక ఉండేది. పని నుంచి వచ్చి చెప్పులు విప్పేటప్పుడు అక్క ఒంటికాలి మీద నిలబడి ఎడమ చెయ్యి అక్కడే ఆనించేదట. తొమ్మిదేళ్ల నూనె చెయ్యి. రెండుసార్లు సున్నం వేయించినా మళ్లీ తేలిందట. బావ దాన్ని ఫొటో తీసి కంప్యూటర్లో గోడకు అతికించాడు. పాత ఇంజిన్లో కిటికీ ఎండ గోడను రాసుకుంటూ వచ్చి ఆ మరక మీద సన్నగా మెరిసేది, ఇప్పుడే చెయ్యి తీసినట్టు. కొత్తదాన్లో అది ఒలికిన సిరా. ఆర్కిటెక్టుకు చూపించాలనుకున్న తేడా అదే. బావ పోగొట్టుకోకూడదనుకున్నదీ అదే.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ గది అక్కదని తెలుసు గానీ, నేను అక్కడికి వెళ్లింది రెండుసార్లే. అందుకే ఆ గోడ నా కంటికి వట్టి మురికి గోడ.

గురువారం బావ కళ్లు చూపించుకోవడానికి వెళ్తూ, గదిని రెండు ఇంజిన్లలోకీ ఎక్కించి ఉంచమన్నాడు. నాలాంటి పనిమంతుడు చెప్పిన పనితో ఆగుతాడా? రేపు ఆర్కిటెక్టు గారు చూసే గోడ ఇలాగా ఉండేది అనుకుని గోడ ఫొటో తెరిచాను. ఆ ఫొటోలోనే పక్కనున్న తెల్లటి సున్నం తీసుకుని మరక మీద అద్దాను. అదే పేరుతో, పాతదాని మీదే సేవ్ చేశాను. గది ఒకటే ఉండాలన్నాడుగా, రెండింట్లోనూ అదే పెట్టాను.

శుక్రవారం మధ్యాహ్నం బావ పాత ఇంజిన్ మొదలుపెట్టాడు. ఇసుక పడింది. మంచం తేలింది, కిటికీ తేలింది. బావ తలుపు వైపు వంగాడు.

"ఇంకా తేలలేదు. కాసేపు ఆగండి సార్."

ఆర్కిటెక్టు గారు రెండు టీలు తాగారు. బొమ్మ పూర్తయింది. గోడ తెల్లగా ఉంది. పక్క తెర మీద కొత్త ఇంజిన్లో మౌస్ కదిపాను, అక్కడా తెల్లగానే ఉంది.

"రెండూ ఒకేలా ఉన్నాయిగా," అని లేచి వెళ్లిపోయారాయన.

బావ కుర్చీ తిప్పి నన్ను చూశాడు. "ఒరేయ్, ఇక్కడ గోడ..."

"శుభ్రం చేశా బావా! ఇంకెవడి వల్లా కాదు. చూడు, జాడ కూడా లేదు."

"అవును," అన్నాడు. "జాడ కూడా లేదు."

ఒక్క తిట్టు తిట్టలేదు. మెట్ల మీద కూర్చుని అక్క చెప్పుల సంగతి, చేతి సంగతి చెప్పాడంతే. అసలు ఫొటో, ఎప్పుడో పాడైపోయిన ఫోనుతో పాటే పోయిందట.

పాత ఇంజిన్ తీసేశారు. నేను కొత్తదాన్లో ఆ మరకను గీయడం మొదలుపెట్టాను. ఏడుసార్లు గీశాను.

"మీ అక్క చెయ్యి అంత పెద్దది కాదురా," అన్నాడోసారి. ఇంకోసారి, "నువ్వు గీసింది కుడి చెయ్యి" అన్నాడు.

ఎనిమిదోసారి చిన్న చెయ్యి, ఎడమ చెయ్యి గీసి చూపించాను. బావ దగ్గరికి వంగాడు. ఆ చోట తెర మీద వేలు పెట్టబోయి, వెనక్కి తీసుకున్నాడు.

"బాగుంది," అన్నాడు.

ఆ 'బాగుంది' నాకు తెలుసు. ఎవరూ ఉండని ఇళ్ల బొమ్మల్ని, ఇల్లు కొనేవాళ్లకు పంపేముందు రోజూ అనే 'బాగుంది' అది.